టు-లెట్ బోర్డు పెట్టే ముందు ఎర్తింగ్ చూడండి

కూకట్‌పల్లి, మూసాపేట, నిజాంపేట వైపు అద్దె పోర్షన్లలో కరెంటు పని చేస్తాను. ఫ్యాను, గీజరు, మోటారు, ఏది పాడైనా పిలుస్తారు. స్విచ్ బోర్డు విప్పగానే నేను వెతికేది ఆకుపచ్చ వైరు కోసం. అదే ఎర్త్ వైరు, లీకైన కరెంటుని భూమిలోకి పంపేది. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండనే ఉండదు. ఉన్నచోట కూడా కింద మీటరు దగ్గర దేనికీ కలపకుండా చుట్టి వదిలేసి ఉంటుంది. బయటికి మాత్రం మూడు రంధ్రాల సాకెట్టు కొత్తగా, తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు మంజీరా నీళ్లు వస్తాయా, బండి పెట్టుకోడానికి చోటుందా, అడ్వాన్స్ ఎంత అని అడుగుతారు. ఎర్తింగ్ ఉందా అని అడిగేవాళ్లు చాలా అరుదు. గీజరులో ఎలిమెంటు పాతబడి పగిలితే కరెంటు నీళ్లలోకి, ట్యాంకు బాడీకి వచ్చేస్తుంది. ఎర్త్ బాగుంటే అది ఆ వైరు గుండా భూమిలోకి పోతుంది. లేకపోతే నల్లా పట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది.

"ఎమ్‌సీబీ ఉంది కదన్నా, పడిపోతుందిగా" అంటారు. ఇది నేను చెప్పీ చెప్పీ అలసిపోయిన మాట, అయినా మళ్లీ చెబుతాను. ఎమ్‌సీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు. అది కాపాడేది వైర్లని, మనిషిని కాదు. 2000 వాట్ల గీజరు మామూలుగానే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ పెడతాం. మనిషి ప్రాణం పోవడానికి అందులో చాలా చిన్న వంతు, 0.1 ఆంపియరు చాలు. ఆ కాస్త కరెంటుకి ఎమ్‌సీబీ కదలనైనా కదలదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, చాలామంది ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. ఫేజు వైరులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ వైరులో తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది కన్ను మూసి తెరిచేలోగా లైను కట్ చేస్తుంది. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010 భద్రతా నిబంధనల్లోనే, చిన్న లోడ్లకు మినహాయింపు ఇస్తూ, ఇలాంటి రక్షణ ఉండాలని రాసింది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మాత్రం అది ఉందో లేదో వచ్చి చూసేవాళ్లు లేరు.

ఆ మధ్య ఒక ఇంట్లో రెండో అంతస్తు నుంచి ఫోన్ వచ్చింది. వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జుమ్మంటోందట. వెళ్లి చూస్తే ఆ అమ్మాయి మెషిన్ ముందు చెక్కపీట వేసుకుని, రబ్బరు చెప్పులతో బట్టలు వేస్తోంది. పక్కన చిన్న పిల్లాడు ఉత్త కాళ్లతో తిరుగుతున్నాడు. ఏ సాకెట్టుకీ ఎర్త్ లేదు. కిందికి దిగితే గేటు పక్కన ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరుని భూమికి కలిపే గుంత ఉంది, అందులోంచి మంచి రాగి వైరు కూడా వచ్చింది. అయితే అది ఓనరుగారి పోర్షన్ వరకే. పై అంతస్తులు తర్వాత అద్దెల కోసం వేసినవి, వాటికి ఎర్త్ వైరు లాగలేదు. "ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదయ్యా" అన్నారాయన. అదే గోడలో, అదే మీటరు బోర్డు కింద, తన పిల్లలకి ఒక లెక్క, పైవాళ్ల పిల్లలకి ఇంకో లెక్క. నాకు చాలా కోపం వచ్చింది. రెండో అంతస్తుకి వైరు లాగేదాకా ఆ మెషిన్ వాడొద్దని ఆయన ముందే ఆ అమ్మాయికి చెప్పాను. మర్నాడు ఆయనే పని చేయించారు.

కొందరు మేస్త్రీలు ఇంకా ఘోరం చేస్తారు. ఎర్త్ లేదని సాకెట్టులోనే న్యూట్రల్‌నీ ఎర్త్ పిన్నునీ చిన్న ముక్క వైరుతో కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ బాడీ మొత్తం ఫేజు. మా పనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ పని చేయకండి.

ఇంకొకటి. చాలా బిల్డింగుల్లో దిగడానికి ఉండేది ఒక్క మెట్ల దారే, మీటర్లన్నీ దాని కిందే ఉంటాయి, వాటి పక్కనే బైకులు, పాత పేపర్లు. అక్కడ నిప్పంటుకుంటే దిగే దారే మూసుకుపోతుంది. పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు, అక్కడా బయటపడేందుకు ఉన్నది ఇరుకు దారే. కనీసం మీటర్ల చుట్టూ ఉన్న సామానైనా తీసేయించండి.

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం వైరింగ్ బాధ్యత ఓనరుది. స్విచ్చులు, సాకెట్లు, సర్క్యూట్ బ్రేకర్ల రిపేర్లు మాత్రం అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే కిరాయిదారు మీద పడతాయి. పైగా అది నమూనా, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకోవాలి. అందుకే అగ్రిమెంటులోనే "అన్ని సాకెట్లకు ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఓనరు పెట్టించి ఇవ్వాలి" అని ఒక లైను రాయించుకోండి. ఆర్‌సీసీబీ ఖర్చు రెండు మూడు వేల రూపాయలు, ఏ అడ్వాన్స్‌తో పోల్చినా తక్కువే. పెట్టాక దాని మీదున్న 'T' (టెస్ట్) బటన్ నెలకోసారి నొక్కి చూడండి, పడిపోవాలి. పడకపోతే మార్పించండి. ఎక్కడ జుమ్మన్నా ముందు మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. చెప్పులు వేసుకుని సర్దుకుపోవద్దు.