పీసీపీ రైఫిల్‌కి ఎయిర్ ట్యాంక్: ముందు చూడాల్సింది ప్రెషర్

పీసీపీ రైఫిల్, అంటే ముందే నింపిపెట్టుకున్న ఎక్కువ ప్రెషర్ గాలితో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పేల్చే ఎయిర్ రైఫిల్, కొన్నవాళ్లు కొన్నాళ్లు చేతి పంపుతో కుస్తీపడి, భుజాలు పట్టేశాక ట్యాంక్ కోసం వెతకడం మొదలుపెడతారు. అప్పుడు అందరూ అడిగేది ఒకటే, ఎన్ని లీటర్లది తీసుకోవాలి అని. నన్నడిగితే లీటర్ల సంగతి తర్వాత, ముందు మీ గన్‌ని ఎన్ని బార్ (గాలి ప్రెషర్ కొలిచే యూనిట్) దాకా నింపుతున్నారో చెప్పండి అంటాను. ఎందుకంటే ట్యాంకులో ఎంత గాలి ఉందన్నది మనకి పెద్దగా అక్కరకు రాదు. గన్ ఫిల్ ప్రెషర్ కంటే పైన ఎంత గాలి ఉందో, ఫుల్ ఫిల్ ఇవ్వడానికి పనికొచ్చేది అదొక్కటే. ట్యాంకులో, గన్‌లో ప్రెషర్ సమానం అయిన క్షణంలో గాలి కదలడం ఆగిపోతుంది, లోపల వేల లీటర్లు మిగిలి ఉన్నా సరే.

లెక్క వేసి చూద్దాం. 12 లీటర్ల స్టీల్ డైవింగ్ సిలిండర్, 232 బార్‌ది. మొత్తం గాలి 12 ఇంటూ 232, అంటే దాదాపు 2,780 లీటర్లు. ఇంకోవైపు ఫైర్ సిబ్బంది వీపున మోసే 6.8 లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్, 300 బార్‌ది. మొత్తం 2,040 లీటర్లు. చూడగానే స్టీల్‌దే పెద్దది అనిపిస్తుంది. కానీ మీ రైఫిల్‌ని 200 బార్‌కి నింపాలంటే స్టీల్ ట్యాంకులో పనికొచ్చేది పైనున్న 32 బార్ మాత్రమే, అంటే 384 లీటర్లు. కార్బన్‌లో పైన 100 బార్ ఉంది, అంటే 680 లీటర్లు. రైఫిల్ సిలిండర్ 200 సీసీ అనుకుని, 120 బార్‌కి దిగినప్పుడల్లా నింపుతున్నారనుకుంటే ఒక్కో ఫిల్‌కి 16 లీటర్లు పడుతుంది. స్టీల్‌తో 24 ఫుల్ ఫిల్స్, కార్బన్‌తో 42. కాకపోతే 300 బార్ దగ్గర గాలి ఈ లీటర్లు ఇంటూ బార్ సూత్రానికి సరిగ్గా లొంగదు, పుస్తకం లెక్క కంటే పది శాతం దాకా తక్కువే పడుతుంది, ఆ తగ్గేదాంట్లో ఎక్కువ భాగం పైనున్న 100 బార్‌లోంచే పోతుంది కాబట్టి 42 అన్నచోట 35 అనుకోండి. అయినా తేడా తేడానే. అదే మీ గన్ 250 బార్‌ది అయితే 232 ట్యాంక్ ఒక్కసారి కూడా దాన్ని పూర్తిగా నింపలేదు, అప్పుడిక 300 బార్ తప్ప వేరే దారి లేదు.

మరి 232 ట్యాంక్ దండగా అంటే కాదు, ఇక్కడే చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ అందించే భాగం) లేని రైఫిళ్లలో చాలావాటికి గరిష్ఠ ప్రెషర్ దగ్గర వేగం తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే లోపలి గాలి వాల్వ్‌ని గట్టిగా అదిమిపట్టి సరిగ్గా తెరుచుకోనివ్వదు. ప్రెషర్ కొంచెం దిగాక పెల్లెట్ వేగం పెరిగి, కొన్ని షాట్ల పాటు నిలకడగా ఉండి, ఆ తర్వాత పడిపోతుంది. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి ఆ నిలకడ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోండి. అది 180 బార్ దగ్గర మొదలైతే మీరు 200 దాకా నింపాల్సిన పనే లేదు, అప్పుడు అదే స్టీల్ ట్యాంకులో పనికొచ్చే గాలి 384 నుంచి 624 లీటర్లకి పెరుగుతుంది. ట్యాంక్ మార్చకుండానే! అందుకే ట్యాంక్ కొనేముందే గన్‌ని క్రోనోగ్రాఫ్ మీద పరీక్షించమని గట్టిగా చెప్తాను, గన్ సంగతి తెలియకుండా ట్యాంక్ ఎంచుకోవడం కుదరదు. ఫుల్ ఫిల్స్ అయిపోయాక కూడా ట్యాంక్ పనికిరాకుండా పోదు, 190, 180 అంటూ తగ్గుతూ సగం ఫిల్స్ ఇస్తూనే ఉంటుంది. రెండు ట్యాంకులున్నవాళ్లు ముందు తక్కువ ప్రెషర్ దాంతో మొదలుపెట్టి, చివర్లో ఎక్కువ ప్రెషర్ దాంతో పూర్తిచేస్తే రెండింటిలోనూ గాలి చాలా కలిసొస్తుంది.

బరువు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 12 లీటర్ల స్టీల్ ట్యాంక్ 14, 15 కేజీల దాకా ఉంటుంది, 6.8 కార్బన్ సిలిండర్ దాంట్లో మూడో వంతు. రేంజ్‌లో ఒకచోటే పెట్టుకునేవాళ్లకి స్టీల్ బరువు సమస్యే కాదు. మోసుకు తిరిగేవాళ్లకి కార్బన్ సుఖం. మధ్యలో 3 లీటర్ల 300 బార్ స్టీల్ బుడ్డి ట్యాంకులూ ఉన్నాయి, 200 బార్ గన్‌కి లెక్క ప్రకారం 300 లీటర్లు ఇస్తాయి, అంటే నాలుగింతలున్న 12 లీటర్ల 232తో పోలిస్తే మరీ వెనకబడవు.

కార్బన్‌లో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది వయసు. చాలా కార్బన్ సిలిండర్లకి తయారైన రోజు నుంచి 15 ఏళ్లే ఆయుష్షు, ఆ తర్వాత ఎంత కొత్తగా కనిపించినా నింపకూడదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేవి చాలావరకు ఆ గడువు దగ్గరపడినవే. తయారీ తేదీ, చివరి హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఎక్కువ ప్రెషర్‌తో చేసే పరీక్ష) తేదీ రెండూ సిలిండర్ మీద ఉంటాయి, అవి చదవకుండా డబ్బు చేతిలో పెట్టకండి. పైన ఫైబర్ తెగినట్టున్నా, వేడి తగిలి రంగు మారినట్టున్నా వదిలేయండి. స్టీల్ అయితే గడువు లేదు కానీ లోపల తుప్పు చూడాలి, టెస్టు మాత్రం తప్పదు. పాత అల్యూమినియం సిలిండర్లలో 6351 మిశ్రమంతో చేసినవాటికి మెడ దగ్గర పగుళ్లు వచ్చిన చరిత్ర ఉంది, వాటి జోలికే పోవద్దు. అగ్నిమాపక డబ్బాలు, సీఓటూ సిలిండర్లు, వెల్డింగ్ సిలిండర్లు తెచ్చి మార్పులు చేసి వాడదాం అనే ఆలోచన వస్తే దయచేసి అక్కడే ఆపేయండి, 200 బార్ దగ్గర పేలిన లోహం ఎవరినీ మిగల్చదు.

ట్యాంక్ కొనేముందు దాన్ని నింపేవాళ్లెవరో కూడా తేల్చుకోండి. 300 బార్ ట్యాంక్ కొన్నా, నింపే చోట కంప్రెసర్ 220 దాకే ఇస్తే మీ చేతిలో ఉన్నది 220 ట్యాంకే, పై లెక్కలన్నీ మారిపోతాయి. హోస్ (గాలి పైపు) కనెక్టర్‌ని మరతో బిగించే డిన్ రకం ట్యాంక్ వాల్వ్‌లు రెండు రకాలు. 300 బార్ కనెక్టర్‌కి మరలు ఎక్కువ, అది 232 వాల్వ్‌లోనూ కూర్చుంటుంది. 232 కనెక్టర్ మాత్రం 300 వాల్వ్‌లో లోపలి సీటు దాకా చేరదు, దాని ఓ-రింగ్ (గాలి లీక్ కాకుండా ఆపే రబ్బరు రింగు) అతుక్కోదు. అందుకే హోస్ కొంటే 300 కనెక్టర్‌దే కొనండి.

గాలి పొడిగా, శుభ్రంగా ఉండాలి, డైవర్లు పీల్చే నాణ్యత ఉంటే చాలు. తేమ లోపలికి పోతే స్టీల్‌కి తుప్పు, గన్ వాల్వ్‌కి, రెగ్యులేటర్‌కి ఇబ్బంది. ట్యాంకుని పూర్తిగా సున్నాకి దించకుండా కొంత ప్రెషర్ ఉంచితే బయటి తేమ లోపలికి రాదు. ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నింపొద్దు. గన్‌లో ఎక్కడో ఉన్న చిన్న నూనె చుక్క, ఎక్కువ ప్రెషర్ ఆక్సిజన్ కలిస్తే అంటుకోవడానికి నిప్పు కూడా అక్కర్లేదు. ఓ-రింగ్‌లకి సిలికాన్ గ్రీజు చాలు, మామూలు ఇంజిన్ ఆయిల్, స్ప్రేలు ఆ దరిదాపులకి రానివ్వకండి.

నింపేటప్పుడు ట్యాంక్ వాల్వ్‌ని నెమ్మదిగా, గేజ్ ముల్లు పాకుతున్నట్టు కదిలేలా తిప్పండి. గబగబా నింపితే గన్ సిలిండర్ వేడెక్కి గేజ్ 200 చూపిస్తుంది, చల్లారాక అది తగ్గిపోతుంది. గేజ్ మీద మీకు కావాల్సిన అంకె రాగానే ట్యాంక్ వాల్వ్ కట్టేయండి, బ్లీడ్ స్క్రూ తిప్పి హోస్‌లో గాలి మొత్తం పోనివ్వండి, ఆ తర్వాతే కప్లింగ్ ఊడదీయండి.