తీగ లాగితే కదలాలి

నేను గిటారు చేతపట్టింది ముప్పై ఎనిమిదో ఏట. ఆఫీసులోని మిత్రులు, అపార్టుమెంటులోని కుర్రవాళ్లు, చివరికి ఆబిడ్స్‌లోని దుకాణంలో తీగలు బిగిస్తున్న పనివాడు కూడా ఒకే సలహా ఇచ్చారు: ముందు అకౌస్టిక్, అంటే కరెంటు అక్కరలేని బోలు పెట్టె గిటారు కొనుక్కోండి, వేళ్లు కాయలు కాసి గట్టిపడ్డాక ఎలక్ట్రిక్ సంగతి చూసుకోవచ్చు. ఒకటో తరగతి చదివితేనే రెండో తరగతి అన్నట్టున్న ఆ వరుసను నేను ప్రశ్నించలేదు. దుకాణంలో అన్నింటికంటే పెద్దగా, నిగనిగలాడుతూ కనిపించిన అకౌస్టిక్‌ను మోసుకొచ్చాను. ఎనిమిది నెలలు కష్టపడ్డా ఎఫ్ కార్డ్, అంటే కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే ఒక పట్టు, ఒక్కసారి కూడా ఆరు తీగల మీదా సరిగా పలకలేదు. తప్పు నా వయసులో, నా పొట్టి వేళ్లలో ఉందని నిర్ణయించుకుని, దాన్ని సంచీలో పెట్టి బీరువా వెనక్కి తోసేశాను. అది అక్కడ ఏడాదికి పైగా ఉంది.

దాన్ని మళ్లీ బయటికి తీయించింది మా మేనత్త. ఆమెది విజయనగరం. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు, ఇప్పటికీ ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. హైదరాబాదు వచ్చినప్పుడు సంచీ చూసి విప్పించారు. గిటారును ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టి, మూడో తీగను ఒక మెట్టు మీద నొక్కి, వీణ మీద గమకం కోసం లాగినట్టే పక్కకు లాగారు. తీగ కదలనే లేదు.

"ఇదేమిటిరా, తీగను ఇంతెత్తున కట్టి ఇంతలా బిగించారు? నొక్కడానికే సగం ఓపిక అయిపోతుంటే ఇంక వాయించేదెప్పుడు?" అన్నారు.

"గిటారు ఇలాగే ఉంటుందట అత్తయ్యా, వేళ్లే అలవాటు పడాలట" అన్నాను.

"మా వీణకు మెట్లు అరిగితే మైనం కరిగించి మళ్లీ మేళం కట్టించుకుంటాం నాయనా. వాయిద్యం బాగులేకపోతే వేళ్లను తిట్టుకోం" అన్నారావిడ.

ఆ మాటతో నేను స్కేలు తీసుకుని కొలిచాను. పన్నెండో ఫ్రెట్, అంటే మెడ మీది పన్నెండో మెట్టు, దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య మూడున్నర మిల్లీమీటర్లు ఉంది. గిటారు వాళ్లు ఈ ఎత్తును యాక్షన్ అంటారు. అకౌస్టిక్‌కు లావు తీగ దగ్గర 2.4, సన్న తీగ దగ్గర 1.6 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా ఉంటుంది. ఒక మిల్లీమీటరు తేడా ఏపాటిదని అనిపించవచ్చు. కానీ చూపుడువేలిని ఆరు తీగల మీదా ఒకేసారి అడ్డంగా పరిచి నొక్కవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క మిల్లీమీటరే వాయించడానికీ మానేయడానికీ మధ్య నిలబడుతుంది. పైగా ఎఫ్ కార్డ్ మొదటి ఫ్రెట్‌లో ఉంటుంది కాబట్టి, అక్కడ అసలు దోషి తరచుగా నట్, అంటే తల దగ్గర తీగలు ఆనుకునే గాడుల పట్టీ. దాన్ని పరీక్షించడం తేలిక. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద చూడాలి. అక్కడ పల్చటి కాగితం దూరేంత సందు చాలు. నా గిటారుకు విజిటింగ్ కార్డులు రెండు దూరాయి.

మరమ్మతు చేసే ఒకాయన ఒక మధ్యాహ్నంలో పని ముగించాడు. నట్ గాడులను సన్నటి ఆకురాయితో లోతు చేశాడు. మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి, మళ్లీ చూశాడు. తరువాత పై పలక మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జ్ నుంచి శాడిల్‌ను, అంటే తీగలు ఆనుకునే సన్నటి పట్టీని, తీసి అడుగున అరగదీశాడు. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ నుంచి రెండు మిల్లీమీటర్లు తీయాలన్న చిన్న లెక్క నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చివరగా పన్నెండు నంబరు తీగలు విప్పి పదకొండు నంబరు వేశాడు. ఈ నంబరు సన్న తీగ మందాన్ని చెబుతుంది: అంగుళంలో వెయ్యో వంతులు పన్నెండు, లేదా పదకొండు. పన్నెండు నంబరు జత మొత్తం కలిపి గిటారు మెడను దాదాపు 70 కిలోల బరువుతో లాగుతూ ఉంటుందని తెలిసినప్పుడు నా వేళ్ల మీద నాకు కొంచెం గౌరవం పుట్టింది. ఆ వారంలోనే ఎఫ్ పలికింది. కొత్తగా కొనేవారు గిటారు వెల చూసి ఊరుకోకుండా ఈ సెటప్ ఖర్చును కూడా కలిపి లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. దుకాణంలో గోడకు వేలాడే గిటార్లలో ఈ పని ముందే జరిగినవి నాకు పెద్దగా తగలలేదు.

ఇక శరీరం కొలత. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే వెడల్పు నడుము అకౌస్టిక్‌ను డ్రెడ్‌నాట్ అంటారు. 1906లో నీటిలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక పేరు అది. అమెరికాలోని మార్టిన్ సంస్థ 1916లో మరో వ్యాపార సంస్థ కోసం ఈ ఆకారాన్ని తయారుచేసి, 1931లో తన పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. గాయకుడి వెనుక గట్టిగా తీగలన్నీ మీటుతూ పోవడానికి దాని గంభీరమైన ధ్వని బాగుంటుంది. అయిదడుగుల నాలుగంగుళాల నాకు మాత్రం దాని మీదుగా కుడిచేయి వేస్తే భుజం చెవి దాకా లేస్తుంది. ఒక్కొక్క తీగనే వేళ్లతో మీటుతూ ఇంట్లో నెమ్మదిగా వాయించుకునేవారికి నడుము సన్నగా, లోతు తక్కువగా ఉండే చిన్న శరీరాలే నయం. దుకాణంలో నిలబడి రెండు నిమిషాలు వాయించి చూస్తే ఈ తేడా తెలియదు. స్టూలు అడిగి, కూర్చుని, అరగంట ఒళ్లో పెట్టుకుంటే భుజమే చెబుతుంది.

చెక్క గురించి జరిగే వాదనలకు అంతులేదు. పై పలక ఒకే చెక్క నుంచి కోసినదైతే ఏళ్లు గడిచేకొద్దీ ధ్వని విచ్చుకుంటుందనీ, ప్లైవుడ్ పలక అయితే మొదటి రోజు ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుందనీ అంటారు. ధ్వనిలో తేడా ఉన్నమాట నిజమే. అయితే వాతావరణం మాట కూడా చెప్పాలి. గిటార్లకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే క్షేమం. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోతుంది, ఏసీ గదిలో ఇంకా ఎండిపోతుంది. అప్పుడు మెడ చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటాయి. వానాకాలంలో పై పలక ఉబ్బి తీగలు మళ్లీ పైకి లేస్తాయి. విశాఖలో ఉన్న మా బావమరిది గిటారుకైతే సముద్రపు గాలికి తీగలు రెండు మూడు వారాల్లోనే తుప్పు పడతాయి. పెట్టె, అందులో తేమను అదుపు చేసే సంచీలు, నెలకోసారి చూసుకునే ఓపిక ఉన్నవారు ఒకే చెక్క పలకకు వెళ్లవచ్చు. గోడకు తగిలించి ఉంచేవారికి ప్లైవుడ్ పలక ఏమీ నామోషీ కాదు. మన దేశంలో ఎందరో మొదటి గిటారుగా కొనుక్కునే యమహా ఎఫ్310 అలాంటిదే. అది మా బావమరిది ఇంట్లో ఆరేళ్లుగా గోడకే ఉంది, మెడ వంగలేదు.

చెక్క మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. గిటారు వీపుకూ ఫ్రెట్ల పలకకూ ప్రపంచమంతా మెచ్చే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగి చెట్టే. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక మార్టిన్ వంటి సంస్థలు 1969 ప్రాంతంలో దక్షిణ భారతదేశపు జిట్రేగికి మళ్లాయి. 2017 జనవరి నుంచి ఈ కుటుంబపు చెట్లన్నింటి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్, అంటే అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, కింద ఆంక్షలు వచ్చాయి. పూర్తిగా తయారైన వాయిద్యాలకు 2019 చివరలో మినహాయింపు దొరికింది. విదేశం నుంచి పెద్ద మొత్తం పోసి తెప్పించుకున్న గిటారు వీపు ఒకప్పుడు మన కనుమల్లోనే నిలబడి ఉండవచ్చునన్న ఊహ నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

ఎఫ్ కార్డ్ పలికింది సరే, అత్తయ్య లాగిన మూడో తీగ మాత్రం ఇంకా మొండికేస్తూనే ఉంది. నేను అసలు వాయించాలనుకున్నది మోహన రాగం. స రి గ ప ద అయిదు స్వరాలూ గిటారు ఫ్రెట్ల మీద చక్కగా కూర్చుంటాయి. కానీ గాంధారానికి కొంచెం ఊపు, ధైవతానికి కొంచెం జారు లేకపోతే అది మోహన కాదు, హార్మోనియం మీద స్వరాలు చదివినట్టుంటుంది. దీనికి కారణం తెలిసేసరికి, అకౌస్టిక్ ముందు, ఎలక్ట్రిక్ తరువాత అన్న సలహా నా విషయంలో తలకిందులని అర్థమైంది. మామూలు అకౌస్టిక్ జతలో మూడో తీగకు కంచు చుట్టు ఉంటుంది. ఎలక్ట్రిక్ జతలో అదే తీగ చుట్టులేని ఉక్కు తీగ. చుట్టు ఉన్న తీగను ఎంత పక్కకు తోసినా స్వరం కొద్దిగానే లేస్తుంది. చుట్టులేనిది వేలి ఒత్తిడికి సులువుగా రెండు స్వరస్థానాలు పైకి పోతుంది. అంటే ఎలక్ట్రిక్ అన్నది అకౌస్టిక్‌కు పై తరగతి కాదు. వేరే చేతిపని అడిగే వేరే వాయిద్యం. కార్డులు మీటుతూ పాట పాడుకునేవారికి అకౌస్టిక్ మొదటిదీ, చివరిదీ కూడా కావచ్చు. వీణలా తీగ లాగాలనుకున్న నాకు మొదటి రోజు నుంచే ఎలక్ట్రిక్ కావలసింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను పక్కన పెట్టి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకోవడంలోని వివేకం నాకు అప్పుడు గాని తలకెక్కలేదు. ఎలక్ట్రిక్ గిటారు మీదే కర్ణాటక సంగీతం వాయించే ప్రసన్న కచేరీలు విన్నవారికి నేను ఇంత చెప్పనక్కరలేదు.

ఎలక్ట్రిక్‌లో ఏది కొనాలన్నది మరో నెల తిన్న ప్రశ్న. అందరికీ తెలిసిన రూపాలు ప్రధానంగా రెండు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఒకటి, 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ రెండోది. అసలైనవి నా జీతానికి అందవు. అవే కొలతలతో ఆసియా దేశాల్లో తయారయ్యేవి అందుతాయి. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, ఆయనకు గిటారు వాయించడం రాదు. మెడను నాలుగు స్క్రూలతో బిగించి, పాడైతే విప్పి మార్చుకునేలా చేయడంలో ఆ మెకానిక్ బుద్ధి కనిపిస్తుంది. ఫెండర్ కొలతలో తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ కొలతలో సుమారు 628. ఒకే తీగను ఒకే శ్రుతికి బిగిస్తే పొట్టి మెడ మీద బిగువు ఇంచుమించు ఆరు శాతం తగ్గుతుంది. కాగితం మీద చిన్న అంకె, కానీ గాంధారం ఊపే వేలికి బాగానే తెలుస్తుంది. లెస్ పాల్ పద్ధతి గిటారు నాలుగు కిలోలు దాటవచ్చు కాబట్టి నిలబడి వాయించేవారు భుజాన్ని అడిగి కొనాలి. నేను కూర్చునే వాయిస్తాను, అందుకే పొట్టి మెడకు ఓటు వేశాను.

పికప్‌లు, అంటే తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే చుట్లు, ఆ ఎంపికకు రెండో కారణం. ఒంటి చుట్టు పికప్ ధ్వని గాజులా తేటగా ఉంటుంది, కానీ కరెంటు తీగల నుంచి, ట్యూబ్‌లైటు చోక్ నుంచి వచ్చే గుర్రుమనే శబ్దాన్ని కూడా అంతే తేటగా అందిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మన గుర్రు కూడా ఆ శ్రుతిలోనే, దాని రెట్టింపులలోనే ఉంటుంది. తంబురా బదులు పెట్టుకుందామా అంటే ఏ శ్రుతికీ అది సరిపోదు. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హమ్‌బకర్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకదానికొకటి ఎదురు చుట్టు, ఎదురు అయస్కాంత ధ్రువాలు కావడం వల్ల బయటి గుర్రు ఒకదానితో ఒకటి రద్దవుతుంది, తీగ ధ్వని మాత్రం కలిసి బలపడుతుంది. పాత వైరింగు ఉన్న అద్దె ఇంట్లో ఉండేవారికి నేను హమ్‌బకర్‌నే చెబుతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. తీగల మీద చేయి పెడితే గుర్రు తగ్గుతుందని గమనించే ఉంటారు. గిటారు తీగలు బ్రిడ్జ్ ద్వారా, కేబుల్ ద్వారా యాంప్ (ధ్వనిని పెంచి వినిపించే పెట్టె) ఎర్త్‌కు కలిసి ఉండడమే అందుకు కారణం. అంటే యాంప్‌లో లోపం ఉండి, గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోతే, ఆ కరెంటు నేరుగా తీగల మీదికే రావచ్చు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో ఎలాగో ఇరికించే అలవాటు మన ఇళ్లలో ఉంది. మా హాలులోని సాకెట్‌లో మూడో రంధ్రమైతే ఉంది గాని వెనుక తీగే లేదని ఎలక్ట్రీషియన్ విప్పి చూపించాడు. దాన్ని సరిచేయించాకే యాంప్ పెట్టాను. రాత్రి పదకొండు తరువాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. కింది అంతస్తువారికి వినిపించకుండా సాధన చేసుకునే ఈ వీలు అకౌస్టిక్‌లో లేదు. ఉద్యోగస్తుడికి దొరికేది ఆ వేళే మరి.

అలాగని అకౌస్టిక్‌ను అమ్మలేదు. ఆదివారం ఉదయాలు దానివే. పదకొండు నంబరు తీగలతో, సరిచేసిన నట్‌తో, పిల్లలు పాత సినిమా పాటలు పాడుతుంటే కార్డులు మీటడానికి దానికి మించింది లేదు.

మొన్న సంక్రాంతికి అత్తయ్య మళ్లీ వచ్చారు. ఎలక్ట్రిక్‌ను ఒళ్లో పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించాను. తొమ్మిది నంబరు తీగలు వేసి ఉన్నాయి. ఆమె అదే మూడో తీగను వీణ చేత్తో ఒక్క లాగు లాగారు. స్వరం గాంధారం దాటి, మధ్యమం దాటి, పంచమం దాకా పోయింది. హెడ్‌ఫోన్స్ తీసి, "ఇది మరీ అరటినారలా ఉందిరా, కాస్త బలమైనది కట్టు" అన్నారు. మరునాడే పది నంబరు జత వేశాను.