తోడు కోసం బెంగళూరికి

నా రియాక్టర్ పులిసిపోయింది. ఫోన్లో ఈ మాట చెబితే అమ్మ "దోసెపిండా, పెరుగా?" అని అడిగింది. రెండూ కాదు. ల్యాబ్‌లో నేను మూడు నెలలుగా చంటిపిల్లలా సాకుతున్న 10 లీటర్ల గాజుపాత్ర అది. మా ఊరి మురుగునీటి మడ్డిలో హాస్టల్ మెస్సులో మిగిలిన అన్నం కలిపి పెడితే ఎంత గ్యాస్ వస్తుందో చూడడం నా పరిశోధన. ఒక వారం బాగా వచ్చింది. నాకు ఆశ పుట్టి మేత రెట్టింపు చేశాను. అన్నాన్ని ఆమ్లాలుగా మార్చే సూక్ష్మజీవులు చురుకైనవి, గంటల్లో పిల్లల్ని పెడతాయి. ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ వదిలేవి మాత్రం నిదానస్తులు, రెట్టింపు కావడానికే రోజులు పడుతుంది. ముందువాళ్లు వండి వార్చేస్తుంటే వెనకవాళ్లు తినలేకపోయారు. పీహెచ్ 5.6కి పడిపోయింది, గ్యాస్ ఆగిపోయింది. వంటసోడా వేసి చూశాను, లేవలేదు.

"పారబోసి కొత్త సీడ్ తెచ్చుకోమ్మా," అన్నారు మా గైడ్.

సీడ్ అంటే నడుస్తున్న డైజెస్టర్ (గాలి చొరకుండా మడ్డిని కుళ్లబెట్టి గ్యాస్ తీసే తొట్టి) నుంచి తెచ్చే బురద. ఇంట్లో తోడు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి పోతాం. మా అనంతపురం చుట్టుపక్కల ఆ పక్కిల్లు దొరకలేదు. రెండు ఖాళీ పామాయిల్ క్యాన్లు కడిగి, అనుమతి ఉత్తరం ఫైల్లో పెట్టుకుని, తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కాను. హిందూపురం దాకా ఎదురుసీటు పెద్దాయన నన్నూ క్యాన్లనూ మార్చి మార్చి చూశాడు. చివరికి ఉండబట్టలేక "కావేరి నీళ్లకా అమ్మా?" అన్నాడు. ఒక రకంగా అవుననే చెప్పాను. కావేరి నీళ్లే కదా, బెంగళూరు వాడి వదిలేశాక.

సీడ్ ఇచ్చే మురుగునీటి శుద్ధి కేంద్రంలో నా పని మర్నాడు. అందుకని యశ్వంతపురంలో దిగి నేరుగా టాటా ఇన్‌స్టిట్యూట్‌కి పోయాను. బయటవాళ్లకది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. ఆటోవాళ్లకి మాత్రం ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూటే. మా కాలేజీ సీనియర్ ఒకావిడ అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది, కడప మనిషి. నా క్యాన్లు చూసి నవ్వి, "తోడు కోసం సరైన చోటికే వచ్చినావు. ఫౌలర్ గారు పనిచేసిన చోటు ఇది," అంది.

గిల్బర్ట్ ఫౌలర్ పేరు నేను పాఠ్యపుస్తకంలో చదివినదే. ఆయన బెంగళూరు వచ్చాడని మాత్రం తెలీదు. ఇంగ్లండులో మాంచెస్టర్ నగరానికి మురుగునీటి సలహాదారు. ఆయన ప్రోద్బలంతో అక్కడి రసాయనవేత్తలు ఆర్డెర్న్, లాకెట్ సీసాల్లో మురుగు పోసి గాలి ఊదుతూ కూర్చున్నారు. మొదటిసారి నీరు పూర్తిగా తేరుకోవడానికి అయిదు వారాలు పట్టింది. అంతకుముందు ఇలాంటి పని చేసినవాళ్లు అడుగున పేరుకున్న బురదని మామూలుగా పారేసేవాళ్లు. వీళ్లు దాన్ని ఉంచేసి, పైతేట మాత్రం ఒంపేసి, మళ్లీ కొత్త మురుగు పోశారు. అలా చేస్తూ పోగా చివరికి ఒక్క రోజులోపే అయిపోయింది. 1914లో ఆ సంగతి బయటపెట్టారు. ఇవాళ ప్రపంచమంతటా శుద్ధి కేంద్రాలు చెప్పుకునే 'యాక్టివేటెడ్ స్లడ్జ్' అదే. నన్నడిగితే మాత్రం అది అచ్చంగా పెరుగు తోడు. ఆ ఫౌలర్ 1916లో ప్రొఫెసర్‌గా ఇక్కడికి వచ్చాడు. ఈ చెట్లు అప్పటికి ఎంతెంత ఉండేవో.

బయోగ్యాస్‌ది కూడా ఇక్కడ పాత ఇల్లే. శాస్త్రవేత్త అమూల్య రెడ్డి గారు 1974లో ఇక్కడే 'ఆస్ట్రా' అనే విభాగం పెట్టి పల్లెల కోసం పనిచేశారు. తుమకూరు జిల్లా పుర గ్రామంలో ఊరందరి పేడతో గ్యాస్, ఆ గ్యాస్‌తో 1987లో కరెంటు మొదలైంది. పేడకి తోడు అక్కర్లేదు, ఆవు కడుపులోంచే తెచ్చుకుంటుంది. మురుగుకి, అన్నానికి ఆ అదృష్టం లేదు.

రాత్రి బెళ్లందూరులో మా బాబాయి కొడుకు ఫ్లాట్‌లో పడుకున్నాను. బాల్కనీలోంచి దూరంగా చెరువు కనిపిస్తుంది. దాదాపు 900 ఎకరాల చెరువు. 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో ఇక్కడ మంటలు లేచాయి. సబ్బు నురగ గాలికి లేచి రోడ్డు మీద పడిన ఫోటోలు అందరూ చూసినవే. "మురుగు కోసం ఊరు దాటి వచ్చిన మొదటి మనిషివి నువ్వే అక్కా," అన్నాడు వాడు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో మురుగు యంత్రం రాత్రిపూట ఆపేస్తారట, చప్పుడని కింది అంతస్తువాళ్లు గొడవ చేశారని. గాలి ఆపితే అందులోని జీవులు ఊపిరాడక చస్తాయని చెప్పాను. "అసోసియేషన్ మీటింగ్‌కి వచ్చి చెప్పు," అని దుప్పటి కప్పుకున్నాడు.

పొద్దున్నే కోరమంగళ–చల్లఘట్ట లోయలో ఉన్న ఒక శుద్ధి కేంద్రానికి వెళ్లాం. గేటు దగ్గర ఆపరేటర్ ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చెవి మీద పెన్ను. నా కన్నడం రెండు వాక్యాలకే కుంటడం చూసి "తెలుగులోనే మాట్లాడండి మేడమ్. మాది శ్రీనివాసపురం," అన్నాడు. కోలారు జిల్లా. అక్కడ ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం.

జల్లెడలు, ఇసుక తొట్లు తొందరగా దాటించేశాడు. చెత్త జల్లెడ దగ్గర మాత్రం ఒక్క మాట అన్నాడు: "షాంపూ ప్యాకెట్లు లెక్కపెట్టి చూస్తే ఏ పండగ ఎప్పుడు వచ్చిందో చెప్పొచ్చు." ఆగింది మొదటి క్లారిఫైయర్ దగ్గర, అంటే మురుగు నిలిచి మడ్డి అడుగుకు దిగే తొట్టి దగ్గర. "గ్యాస్ కావాలంటే ఇక్కడ చూడండి. ఇక్కడ అడుగున దిగిందే కొత్త మడ్డి, దాంట్లో సత్తువ ఉంటాది. ముందుకు పోయి గాలి తొట్లో తిరిగి తిరిగి వచ్చింది ముసలి మడ్డి. దాన్ని ఎంత పిండినా రాదు."

ఈ మాట నాకు సూటిగా తగిలింది. మన చిన్న ఊళ్లలో ఇప్పుడు ఎక్కువగా ఎస్‌బీఆర్ (గాలి ఊదడం, మడ్డి దించడం ఒకే తొట్లో వంతులవారీగా జరిగే) కేంద్రాలు కడుతున్నారు. స్థలం కలిసొస్తుంది, నీళ్లు శుభ్రంగా వస్తాయి, నిజమే. కానీ వాటిలో సాధారణంగా మొదటి క్లారిఫైయర్ ఉండదు. సత్తువంతా గాలికే ఖర్చయిపోతుంది, అదీ కరెంటు పెట్టి ఊదిన గాలికి. శుద్ధి కేంద్రం కరెంటు బిల్లులో సగం దాకా ఆ గాలిదే. ఒక ఘనమీటరు బయోగ్యాస్ ఇంజన్లో కాలిస్తే దాదాపు 2 యూనిట్లు వస్తాయి. మనం మాత్రం గ్యాస్ రాని కేంద్రం కట్టుకుని, తర్వాత దాన్నుంచి గ్యాస్ ఎంత వస్తుందని నాలాంటివాళ్ల చేత పరిశోధన చేయిస్తాం.

డైజెస్టర్ పక్కన చిన్న కుళాయి ఉంది. నేను క్యాన్ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు ఒక బకెట్ నిండా వదిలి పారబోశాడు. పైపులో నిలిచిన మడ్డి చచ్చిపోయి ఉంటుందట. రెండో బకెట్ నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. పట్టుకుంటే గోరువెచ్చన. లోపల 35 డిగ్రీలు, ఇంజన్ చల్లార్చిన వేడినీటితోనే దాన్ని కాస్తారు. కొంచెం గరిటెలో తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. దుర్గంధం వస్తుందని శ్వాస బిగబట్టాను. రాలేదు. కొత్తగా వేసిన రోడ్డు దగ్గర నిలబడినట్టు తారు వాసన.

"ఇది ఆరోగ్యం. పుల్ల వాసన వస్తే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు. మీదెప్పుడు తెలిసింది?"

పీహెచ్ పడ్డాక తెలిసిందని ఒప్పుకున్నాను. ముందురోజు దాకా 6.9 ఉందని కూడా చెప్పాను.

"అదే మరి. పీహెచ్ ఆఖర్న పడతాది. ఆమ్లం వస్తా ఉంటే ఆల్కలినిటీ, అదే ఆమ్లాన్ని అణిచే క్షారం, ముందు పడి దెబ్బలు తింటా ఉంటాది. అది అయిపోయినాక కదా పీహెచ్ కూలేది. గ్యాస్ మీటరు నిన్నటి సంగతి చెప్తాది, ఆల్కలినిటీ రేపటి సంగతి చెప్తాది."

లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. ఆమ్లాలు ఒక గడి, ఆల్కలినిటీ ఒక గడి, రెండింటి నిష్పత్తి ఎర్ర సిరాతో. 0.3 లోపు ఉంటే కడుపు చల్లగా ఉన్నట్టు. ఎర్రంకెలు ఏడాది పొడుగునా ఒక్కరోజూ తప్పలేదు. నా నోట్‌బుక్‌లో ఆ గడి మూడు వారాల కిందటే ఆగిపోయింది, దాన్ని కొలిచే టైట్రేషన్‌కి బద్ధకించి.

క్యాన్లు ముప్పాతిక దాకానే నింపి, మూత పావుచుట్టు వదులుగా పెట్టాడు. "గట్టిగా మూయొద్దు. ఇది ఇంకా తింటా ఉంటాది, ఊపిరి వదులుతా ఉంటాది."

టీ తాగుతూ వాళ్ల ఊరి సంగతి ఎత్తాను. 2018 జూన్ నుంచి ఈ లోయలో శుద్ధి చేసిన నీటినే కోలారు చెరువులకు పంపులతో ఎత్తిపోస్తున్నారు. పథకం లెక్క రోజుకు 44 కోట్ల లీటర్లు. మొదట నిండింది లక్ష్మీసాగర చెరువు. కొన్నాళ్లకే అక్కడా నురగ తేలితే గొడవై, కోర్టుకెక్కి, నీళ్లు ఆగి, మళ్లీ సాగాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని ఊళ్లకు ఈ నీళ్లు ఊపిరి పోశాయన్నది నిజం. ఇంకొక మెట్టు శుద్ధి చేసి పంపాలన్న అక్కడివాళ్ల డిమాండ్ కూడా న్యాయమే అనిపిస్తుంది నాకు. ఆయన మాత్రం ఏ పక్షమూ పట్టలేదు. "మా బోరు తేరుకుంది. మా అమ్మ ఆ నీళ్లు పొలానికి పెడతాది, పూజకి పెట్టదు. నేను ఇక్కడ పనిచేస్తానని తెలుసు కదా," అని గ్లాసు కడిగి బోర్లించాడు.

మూత గురించి ఆయన చెప్పిన ఆ ఒక్క జాగ్రత్త కూడా నేను పాటించలేదు. శనివారం కావడంతో తమ్ముడే కారులో అనంతపురం దింపుతానన్నాడు. కొత్త కారు. వాసన వస్తుందేమోనని సిగ్గుపడి రెండు మూతలూ బిగించేశాను. చిక్కబళ్లాపురం దాటాక వెనక నుంచి 'టక్' మని చప్పుడు. మళ్లీ ఒకటి. బాగేపల్లి ముందు రోడ్డు పక్కన ఆపి డిక్కీ తెరిస్తే క్యాన్లు రెండూ నిండుచూలాల్లా ఉబ్బి ఉన్నాయి. టీకొట్టు దగ్గర బీడీ ముట్టించబోతున్నాయన్ని కాస్త దూరం పొమ్మని బతిమాలి, మెల్లగా మూత తిప్పాను. ఎంత మెల్లగా తిప్పినా బుస్సుమని లేచి తమ్ముడి తెల్లచొక్కా మీద నల్లటి చుక్కలు వరసగా పడ్డాయి. వాడు చొక్కా వంక చూసుకుని, నా వంక చూసి, "బతికే ఉంది కదా?" అన్నాడు.

బతికే ఉంది. ల్యాబ్‌లో 35 డిగ్రీల నీళ్లతొట్లో పెట్టి రెండు రోజులు పస్తుంచాను, పాత మేత గ్యాస్ అంతా పోయేలా. తర్వాత రోజుకు కొంచెం కొంచెంగా అన్నం. తొమ్మిదో రోజుకు 3 లీటర్ల గ్యాస్. ఆపుకోలేక శ్రీనివాసపురం ఆయనకు ఫోన్ చేశాను.

"గ్యాస్ సరే మేడమ్. ఆల్కలినిటీ ఎంతుంది?"

ఆ పొద్దున ఇంకా చూడలేదు. అయిదు నిమిషాల్లో మళ్లీ చేస్తానని చెప్పి, బ్యూరెట్ కడగడానికి లేచాను.