నీళ్లు మానేసి తెచ్చుకున్న రాయి

నిరుడు జులైలో ఒక శుక్రవారం సాయంత్రం నడుముకి ఎడమ పక్కన నొప్పి మొదలైంది. మర్నాడు పొద్దున్నే టెక్సస్‌లోని డెంటన్ నుంచి రెడ్ రివర్ నది దాటి, ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్ దాకా సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒక్కడినే వెళ్లి రావాలి. 43 ఏళ్ల వయసులో, ఉద్యోగం చేసుకుంటూనే విమానం నడపడం నేర్చుకుంటూ, రెండేళ్లుగా ఎదురుచూసిన రోజు అది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే అక్కడి డాక్టరు నన్ను ముట్టుకోనైనా లేదు. "కండరం పట్టేసింది, అంతే. రేపు హాయిగా ఎగరండి" అన్నాడు. మూత్ర పరీక్ష కూడా చేయించలేదు. నేను వినాలనుకున్న మాట అదే, నమ్మేశాను.

రాత్రి రెండింటికి బాత్రూం నేల మీద పడి మెలికలు తిరిగాను. వాంతులు, చెమటలు, మూత్రంలో రక్తం. ఏ పక్కకి తిరిగినా నొప్పి ఆగలేదు. అప్పుడు ప్రాణభయం కన్నా వేరే భయం పట్టుకుంది. ఇదే నొప్పి ఎనిమిది గంటలు ఆగి వచ్చి ఉంటే? 5,500 అడుగుల ఎత్తులో పక్క సీటు ఖాళీ. రేడియో నొక్కడానికి కూడా చెయ్యి లేచేది కాదు. ఆ డాక్టరు మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

"ఏవండీ, లేవండి, నన్ను పట్టుకోండి" అంటూ నా భార్య నన్ను కారెక్కించింది. తెనాలి నుంచి వచ్చి ఉన్న అమ్మ గుమ్మంలో నిలబడి దుర్గమ్మకి మొక్కుకుంది.

7 మిల్లీమీటర్ల కిడ్నీ రాయి. లేజర్‌తో పగలగొట్టారు, మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నటి గొట్టం వేశారు, తర్వాత తీశారు. ఆ హాస్పిటల్ నర్సులకి చేతులెత్తి దండం పెడతాను.

రాయి ఎందుకొచ్చిందో యూరాలజిస్టు అడిగిన ఒక్క ప్రశ్నతో అర్థమైంది: "రోజూ ఎన్ని నీళ్లు తాగుతావు?" చిన్న విమానంలో బాత్రూం ఉండదు. అందుకని క్లాసు ఉన్నప్పుడల్లా ముందు రాత్రి నుంచే నీళ్లు మానేసేవాడిని. అదీ టెక్సస్ ఎండల్లో, కొలిమిలాంటి కాక్‌పిట్‌లో. దయచేసి ఆ పని చెయ్యకండి. మూత్రం పట్టుకునే సంచులు దొరుకుతాయి, సిగ్గుపడకుండా కొనుక్కోండి.

నా థర్డ్ క్లాస్ మెడికల్‌కి, అంటే విమానం నడపడానికి డాక్టరు ఇచ్చే ఆరోగ్య పత్రానికి, ఇంకా గడువుంది. 40 దాటినవాళ్లకి అది 24 నెలలు పనిచేస్తుంది. అయినా మెడికల్ ఇచ్చిన డాక్టరు పెద్దాయనకి ఫోన్ చేశాను. "కార్డు మీది తేదీ కాదు, నీ ఒంట్లో సంగతి ముఖ్యం. బాగోలేదని తెలిసి ఆ సీట్లో కూర్చోకూడదు, రూలే అది. రాయి మిగల్లేదని స్కాన్ తీసుకురా" అన్నారు. అరగంట ఓపిగ్గా మాట్లాడి పైసా తీసుకోలేదు.

మెడికల్ కోసం నింపే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఫారంలో ఏదీ దాచకండి. గత మూడేళ్లలో ఏ డాక్టర్లని కలిశారో అందులో అడుగుతారు. అలాగని కాగితాలు సిద్ధం చేసుకోకుండా తొందరపడి దరఖాస్తూ పెట్టకండి. దాన్ని తిరస్కరిస్తే, మెడికల్ లేకుండా డ్రైవింగ్ లైసెన్సుతోనే స్పోర్ట్ పైలట్‌గా (చిన్న విమానాలకి మాత్రమే) ఎగిరే దారి కూడా మూసుకుపోతుంది.

స్కాన్ శుభ్రంగా వచ్చింది. అక్టోబరులో మళ్లీ బయల్దేరాను. పక్క సీట్లో రెండు నీళ్ల సీసాలు పెట్టి బెల్టు బిగించింది నా భార్యే. ఆర్డ్‌మోర్‌లో దిగి ఫోన్ చేస్తే, "నీళ్లు తాగారా?" అని మొదట అదే అడిగింది. తాగానని చెప్పాక ఏడ్చేసింది.