పొర తెగింది ఎందుకు?

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు నేను ఎంచుకున్నది నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోయే మందు పొర. తపాలా బిళ్లంత ఉంటుంది. నీళ్లు అక్కర్లేదు కాబట్టి మాత్ర మింగలేని పిల్లలకూ ముసలివాళ్లకూ సుఖం. తయారీయే కష్టమనుకున్నాను. పొర కట్టే పాలిమర్ హెచ్‌పీఎంసీ ఈ15ను నీళ్లలో కరిగించి, మెత్తదనానికి ఆ పాలిమర్ బరువులో 15 శాతం పెగ్ 400 అనే ద్రవం కలిపి, బుడగలు పోయేదాకా రాత్రంతా ఉంచి, పెట్రీ పళ్లెంలో పోసి 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం వారంలో పట్టుబడింది. ఆ పొర ఎంత గట్టిదో కొలవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

నెల్లూరులో మా కాలేజీలో లాగి కొలిచే యంత్రం లేదు. పైన ఒక క్లిప్పు, కింద ఒక క్లిప్పు, దానికి వేలాడే పళ్లెం, పక్కన స్కేలు: అంతే మా సరంజామా. 10 మి.మీ. వెడల్పు పట్టీ కోసి, క్లిప్పుల మధ్య 50 మి.మీ. వదిలి, తెగేదాకా బరువులు వేయాలి. తెగినప్పటి బరువును న్యూటన్లలోకి మార్చి, పట్టీ మందం, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే తన్యతా బలం, అంటే లాగుడును పొర ఎంతవరకు తట్టుకుంటుందో, మెగాపాస్కల్‌లలో వస్తుంది.

మొదటి పట్టీలన్నీ క్లిప్పు అంచు దగ్గరే తెగాయి. అక్కడ తెగితే ఆ లెక్క చెల్లదు. "ఇవాళ కూడా తెగిపోయిందా అమ్మా?" అంటూ మా ల్యాబ్ అటెండర్ అన్న పాత సైకిల్ ట్యూబు ముక్కలు తెచ్చి క్లిప్పుల లోపల అంటించాడు. అప్పటినుంచి నడుమ తెగడం మొదలైంది.

తర్వాత మందం. ఒకే పొరలో ఒక పక్క 0.06, మరో పక్క 0.10 మి.మీ. మందం కొలిచే మైక్రోమీటర్ మీద అనుమానపడ్డాను. చివరికి తాపీమేస్త్రీ రసమట్టం అడిగి తెచ్చి ఓవెన్ అరమీద పెడితే, బుడగ ఒక మూలకు పరుగెత్తింది. ఆ అరే వాలుగా ఉంది! కాగితం మడతలు ఎత్తు పెట్టాక అంతటా 0.08 వచ్చింది.

మడత పరీక్ష కూడా చేశాను: ఒకే గీత మీద 300 సార్లు మడవడం. వేళ్లు నొప్పి పుట్టాయి గానీ, మడిచే చేతిని బట్టి మారే ఈ అంకె మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

అసలు చిక్కు అక్టోబరులో వచ్చింది. ఎండ రోజుల్లో 2 కిలోలకు తెగి 24.5 మెగాపాస్కల్ చూపిన బ్యాచే, వానలు పట్టాక 1.2 కిలోలకే తెగింది, అంటే 14.7. సాగుడు మాత్రం 12 శాతం నుంచి 26కు పెరిగింది. అమ్మ డాబా మీద వడియాలు పెట్టడం మానేసే రోజులవి. గాలిలోని తేమను పొర పీల్చుకుంటుంది. ఆ నీరు కూడా పెగ్‌లాగే పాలిమర్‌ను మెత్తబరుస్తుంది. తేమ పీల్చే సిలికా జెల్‌తో డెసికేటర్‌లో, అంటే గాలి చొరని గాజు పాత్రలో, పెట్టి చూశాను. అప్పడంలా పెళుసెక్కి, 3 శాతం సాగగానే పుటుక్కుమంది.

అప్పుడు మా ప్రాజెక్టు గైడ్ సారు, "ఎండబెట్టకమ్మా, తేమను ఒకచోట నిలబెట్టు" అన్నారు. డెసికేటర్ అడుగున మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం (ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లు) పోస్తే, 25 డిగ్రీల దగ్గర తేమ సుమారు 53 శాతం దగ్గర నిలుస్తుంది. పట్టీలను రెండు రోజులు అందులో ఉంచి, తీసిన వెంటనే లాగాను. అంకెలు ఒకదానికొకటి దగ్గరకు వచ్చాయి.

సంబరంగా నోట్‌బుక్ చూపిస్తే సారు ఒక పేజీ మీద వేలు పెట్టారు. పెగ్ 20 శాతం వేసిన బ్యాచ్. సాగుడు చాలా బాగుందని కింద గీత గీసి మరీ రాసుకున్నాను. తేదీ చూస్తే, అది ముసురు పట్టిన రోజు.