పోఖ్రాన్‌లో చూడ్డానికి ఏమీ లేదు

రాజస్థాన్‌లోని పోఖ్రాన్ వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే, అణుబాంబు పరీక్ష కోసం పేల్చిన చోటు చూపిస్తారా అని. చూపించరు. ఆ మైదానమంతా సైన్యం చేతిలో ఉంది, మనలాంటివాళ్లను దరిదాపుల్లోకి రానివ్వరు. జైసల్మేర్ రోడ్డు మీద ఖేతోలాయి అనే ఊరి దగ్గర కారాపి, ముళ్లపొదల వైపు కాసేపు చూసి మళ్లీ ఎక్కాం, అంతే. 1998 మే 11న ఈ ఊరివాళ్లను ఇళ్లలో ఉండొద్దని ముందే చెప్పారట. భూమి అదిరి గోడలు బీటలు వారాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు మూడు, 13న రెండు మనం పేలిస్తే, నెల తిరక్కముందే 28న పాకిస్తాన్ చాగై కొండల్లో తనవి పేల్చింది.

ఈ ట్రిప్ అసలు మా చిన్నాన్న కోసం. ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యాన్ని సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్‌లో నెలల తరబడి ఈ ఇసుకలోనే గుడారంలో ఉన్నాడు. యుద్ధం రేపో మాపో అనుకుంటూనే ఎండాకాలం గడిచిపోయిందట.

మర్నాడు లోంగేవాలా. దారిలో ఫొటో కోసం కారు పక్కకి దింపించాను, అదీ నా తెలివి. వెనక చక్రం సగానికి దిగబడింది. డ్రైవరు ఎంత రేజ్ చేస్తే అంత లోపలికి. పొదలు విరిచి టైరు కింద వేసి, ముగ్గురం తోసి, నోట్లో ఇసుకతో రోడ్డెక్కేసరికి ముప్పావుగంట. చిన్నాన్న మాత్రం నవ్వుతూనే ఉన్నాడు, "71లో వాళ్ల ట్యాంకులకీ ఇదేరా జరిగింది" అంటూ. 1971 డిసెంబరు 4 రాత్రి వచ్చిన పాకిస్తాన్ ట్యాంకులు సుమారు 120 మంది కాపున్న ఈ పోస్టును దాటలేక ఇసుకలో చిక్కుకున్నాయి, తెల్లారాక జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలు మిగతా పని చూసుకున్నాయి.

ఆ ట్యాంకుల్లో ఒకటి, టీ-59, ఇప్పటికీ అక్కడుంది. గొలుసు మీద చెయ్యి పెట్టాను. డిసెంబరు పొద్దు కదా, ఇనుము చల్లగా ఉంది, లింకుల సందుల్లో ఇసుక, పక్కనే సెల్ఫీల గోల.

అక్కడే కూర్చుని చిన్నాన్న చాలాసేపు మాట్లాడాడు. పరాక్రమ్‌లో మన స్ట్రైక్ కోర్‌లు, అంటే దాడి కోసం ఉంచిన పెద్ద దళాలు, లోపలి ఊళ్ల నుంచి సరిహద్దుకు చేరేసరికి దాదాపు మూడు వారాలు పట్టింది, ఈలోపు అంతర్జాతీయ ఒత్తిడి వచ్చిపడింది. అందుకే చిన్న దళాలతో రోజుల్లోనే లోపలికి దూసుకుపోవాలన్న కోల్డ్ స్టార్ట్ ఆలోచన పుట్టింది. దానికి జవాబుగా 2011లో పాకిస్తాన్ చిన్న అణుబాంబు మోసే నస్ర్ క్షిపణిని పరీక్షించింది. అప్పట్లో దాని రేంజ్ 60 కిలోమీటర్లు, మన నగరాల కోసం కాదు, లోపలికొచ్చే మన ట్యాంకుల కోసం. అంటే పేలితే వాళ్ల నేల మీదే పేలొచ్చు! మరి మన 2003 అణు విధానం ఏమంటుంది? ముందుగా వాడం, కానీ మన భూభాగం మీద గానీ, మన సైన్యం ఎక్కడున్నా దాని మీద గానీ వాడితే తట్టుకోలేనంత నష్టం చేస్తాం అని.

"ఒక్క ట్యాంకుల దళం కోసం లాహోర్ లేపేస్తామా చిన్నాన్నా?" అన్నాను.

"మనం ఆ పని చెయ్యబోమని వాళ్లు నమ్మితే మొదటిది వేస్తారు. మనం నిజంగా చేస్తామా లేదా అన్నది కాదురా, వాళ్లేం అనుకుంటారన్నదే లెక్క."

నాకు ఈ లెక్క నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అవతలివాడి బుర్రలో ఏముందో ఎవరికి తెలుసు?

సాయంత్రం తనోట్ మాత గుడికి వెళ్లాం. పూజలన్నీ బీఎస్ఎఫ్ జవాన్లే చూసుకుంటారు. 1965లో చుట్టుపక్కల పడి పేలకుండా మిగిలిన పాకిస్తాన్ గుండ్లను అద్దాల వెనక పెట్టారు. జనం అమ్మవారికి మొక్కి, అటు తిరిగి వాటికీ ఓ దణ్ణం పెడుతున్నారు. "పేలని బాంబు దేవుడితో సమానం" అని గొణిగి చిన్నాన్న కూడా పెట్టాడు.

జనవరి 1న తిరుగు రైల్లో ఫోన్‌లో చిన్న వార్త కనిపించింది. భారత్, పాకిస్తాన్ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నాయని. వాటి మీద దాడి చేసుకోకూడదని 1988లో చేసుకున్న ఒప్పందం ప్రకారం 1992 నుంచి ఏటా ఇదే రోజు ఈ పని జరుగుతోంది. కార్గిల్ అయ్యాకా ఆగలేదు, చిన్నాన్న గుడారంలో ఉన్న ఆ జనవరిలోనూ ఆగలేదు. చదివి వినిపిద్దామని చూస్తే ఆయన పై బెర్తు మీద గురక పెడుతున్నాడు.