కాలిఫోర్నియాలో ఫర్-ప్రాఫిట్ (లాభం కోసం నడిపే ప్రైవేట్) నర్సింగ్ స్కూల్లో చేరాలా వద్దా: నా అనుభవం

మేముండేది ఫ్రీమాంట్‌లో. మా ఆయన ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయ్యాక నాకు హెచ్4 ఈఏడీ, అంటే డిపెండెంట్ వీసా మీద పనిచేసే పర్మిట్, వచ్చింది కానీ, విశాఖలో చదివిన బీఎస్సీ మైక్రోబయాలజీకి ఇక్కడ చెప్పుకోదగ్గ ఉద్యోగం ఏదీ దొరకలేదు. ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) చెయ్యమని అందరూ అన్నారు, నాకూ ఇష్టమే. కమ్యూనిటీ కాలేజీలో అయితే ఇక్కడి రెసిడెంట్లకి యూనిట్‌కి 46 డాలర్లే. కాకపోతే అనాటమీ, ఫిజియాలజీ ల్యాబులతో సహా ఇక్కడే చదవాలి, టీస్ అనే నర్సింగ్ ప్రవేశ పరీక్ష రాయాలి, ఇవన్నీ మంచి మార్కులతో గట్టెక్కినా సీటు వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఆ టెన్షన్‌లో ఒక ఫర్-ప్రాఫిట్ స్కూల్ వెబ్‌సైట్‌లో నా ఫోన్ నంబర్ పెట్టాను. కాఫీ కలుపుకునేలోపే ఫోన్. అడ్మిషన్స్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, వెయిటింగ్ లిస్టు లేదంది, సైన్స్ సబ్జెక్టులు కూడా మా దగ్గరే చదువుకోవచ్చంది, వచ్చే బ్యాచ్‌లో కొన్ని సీట్లే ఉన్నాయంది (ఈ చివరి మాట ఆషాఢం సేల్ మైకులో చెప్పినట్టే చెప్పింది). మొత్తం ఫీజు ఎంతంటే మాత్రం క్యాంపస్‌కి వస్తే కూర్చుని మాట్లాడదాం అంది. పట్టుబట్టి అడిగితే చెప్పింది, లక్ష డాలర్లకి కాస్త తక్కువ. ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు) నింపమంది. హెచ్4 వాళ్లకి ఫెడరల్ ఎయిడ్ రాదు కదా అంటే ఒక్క క్షణం ఆగి, అయితే కోసైనర్‌తో (అప్పుకి హామీగా సంతకం పెట్టేవాళ్లతో) ప్రైవేట్ లోన్ చూద్దాం అంది. లక్ష డాలర్ల అప్పు గురించి అంత తేలిగ్గా మాట్లాడతారా అనిపించింది.

హేవర్డ్‌లో మాకు తెలిసిన ఒక అక్క ఉంది, గుంటూరు వాళ్లు, ఆవిడ కూడా ఫర్-ప్రాఫిట్‌లోనే చదివి ఇప్పుడు హాస్పిటల్లో పనిచేస్తోంది. ఆవిడకి ఫోన్ చేసి, "అక్కా, వీళ్ల ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) పాస్ రేటు 90 పైన ఉందట, బానే ఉన్నట్టుంది కదా" అన్నాను. నవ్వింది. "పరీక్ష దాకా వెళ్లినవాళ్ల లెక్క అది. మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎంతమందో అడిగావా? ఫ్యాక్ట్ షీట్ ఇమ్మను, నోటిమాట నమ్మకు" అంది.

అప్పటిదాకా నేను చూసింది, రాష్ట్రంలో నర్సింగ్ ప్రోగ్రాములకి అప్రూవల్ ఇచ్చే బోర్డ్ ఆఫ్ రిజిస్టర్డ్ నర్సింగ్ వెబ్‌సైట్‌లోని పట్టిక. స్కూళ్ల వారీగా అయిదేళ్ల పాస్ రేట్లు ఉంటాయి, మొదటిసారి రాసినవాళ్లవి. 75 శాతం కన్నా తగ్గితే ఆ ప్రోగ్రామ్ మీద బోర్డు కన్ను పడుతుంది. ఆ పట్టిక నిజమే, మంచిదే, ముందు అదే చూడాలి. కానీ కొన్ని స్కూళ్లలో ఆఖరి టర్మ్‌లో హెసీ ఎగ్జిట్ లాంటి పరీక్ష ఒకటి ఉంటుంది, అందులో వాళ్లు పెట్టిన స్కోరు రాకపోతే గ్రాడ్యుయేట్ చెయ్యకుండా ఆపుతారు. గ్రాడ్యుయేట్ కానివాళ్లు ఎన్‌క్లెక్స్ రాయరు, రాయనివాళ్లు ఆ శాతంలోకి రారు, ఫీజు మాత్రం అప్పటికే కట్టేసి ఉంటారు.

అక్క చెప్పిన ఫ్యాక్ట్ షీట్ పూర్తి పేరు స్కూల్ పెర్ఫార్మెన్స్ ఫ్యాక్ట్ షీట్. కాలిఫోర్నియాలో ప్రైవేట్ కాలేజీలను చూసే బీపీపీఈ అనే బ్యూరో ఉంది, దాని కింద ఉన్న స్కూళ్లు ఎన్‌రోల్‌మెంట్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకునేముందే ఈ షీట్ చేతికివ్వాలి, వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. నేను క్యాంపస్‌కి వెళ్లిన రోజు ఆ అమ్మాయి అది ట్యాబ్‌లో తెరిచి, చదవక్కర్లేదన్నట్టు వేలితో కిందికి జరుపుతూ "ఇక్కడ ఇనిషియల్స్, ఇక్కడ ఇనిషియల్స్" అంటోంది. నేను ఆపి ప్రింట్ అడిగాను. మొదటి పట్టికలోనే అసలు సంగతి ఉంది. ఆ ఏడాది ఎంతమంది మొదలెట్టారు అనేది ఒక గడి, అనుకున్న టైముకి ఎంతమంది పూర్తి చేశారు అనేది ఇంకో గడి. సగానికి కొంచెం పైన. మిగతావాళ్లు ఏమయ్యారని అడిగితే "వ్యక్తిగత కారణాలు" అంది. అందరికీనా?

స్కిల్స్ ల్యాబ్ చూపించారు, బొమ్మ పేషెంట్లు, మంచాలు అన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. నాకు కావలసింది క్లినికల్స్ (హాస్పిటల్లో పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) ఏ హాస్పిటల్లో అన్నది. ముఖ్యంగా పిల్లల వార్డు, ప్రసూతి వార్డు, ఎందుకంటే ఈ రెండింటికీ క్లినికల్ సీట్లు దొరకడం కష్టమని అక్క ముందే చెప్పింది. "టర్మ్‌ని బట్టి మారుతుంటాయి" అన్నారు. ఈ టర్మ్‌లో ఎక్కడ జరుగుతున్నాయో ఈమెయిల్‌లో రాయమన్నాను. ఈమెయిల్ వచ్చింది, అందులో ఓపెన్ హౌస్ ఆహ్వానం ఉంది, హాస్పిటల్ పేరు లేదు.

అక్రెడిటేషన్ గురించి ఎక్కువ చెప్పను. బోర్డు అప్రూవల్ ఉంటే ఎన్‌క్లెక్స్ రాయొచ్చు, అంతవరకే. ప్రోగ్రామ్‌కి సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ, అంటే నర్సింగ్ కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థల అక్రెడిటేషన్, ఉందో లేదో ఆ సంస్థల సైట్లలోనే చూసుకోండి. రేపు ఇంకో యూనివర్సిటీకి మారాలన్నా, పై చదువుకి వెళ్లాలన్నా అక్కడ అడుగుతారు. క్రెడిట్లు బదిలీ అవుతాయా లేదా అన్నది అవతలి కాలేజీ ఇష్టం అని వీళ్ల కేటలాగ్‌లో వీళ్లే రాసుకున్నారు.

మా ఆయన భయం వేరే, మధ్యలో స్కూలు మూసేస్తే? ఉత్త భయం కాదు. 1863లో మొదలైన హీల్డ్ కాలేజీ బే ఏరియాలో తెలియనివాళ్లు లేని పేరు, దాన్ని కొన్న కొరింథియన్ కంపెనీ 2015 ఏప్రిల్‌లో మిగిలిన క్యాంపస్‌లన్నీ ఒక్కసారిగా మూసేసింది. 2016 సెప్టెంబర్‌లో ఐటీటీ టెక్ కూడా అంతే, అందులో నర్సింగ్ విద్యార్థులూ ఉన్నారు. అలాంటప్పుడు ఫెడరల్ లోన్ ఉన్నవాళ్లకి మాఫీ అడిగే దారి ఉంటుంది. మనలా సొంత డబ్బు, ప్రైవేట్ లోన్ పెట్టినవాళ్లకి అది లేదు. కాలిఫోర్నియాలో ఎస్‌టీఆర్‌ఎఫ్ అనే, ఇలా నష్టపోయిన విద్యార్థుల ఫీజు తిరిగిచ్చే నిధి ఉంది కాబట్టి కొంత నయం. దానికి రసీదులు, అగ్రిమెంట్ కాపీ, సోషల్ సెక్యూరిటీ నంబర్ గానీ ట్యాక్స్‌పేయర్ ఐడీ నంబర్ గానీ కావాలి.

నేను చేరలేదు. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం సెక్షన్‌లో అనాటమీ చదువుతున్నాను, ఎముకల పేర్లు గుర్తుండక చస్తున్నాను. అలాగని ఫర్-ప్రాఫిట్ అన్నీ మోసమని అనను, అక్క చదివి బాగుపడింది, ఆవిడ బ్యాచ్‌లో చాలామంది పూర్తి చేశారు కూడా. మీ షీట్‌లో ఆ రెండు గడులూ దగ్గరగా ఉండి, ఫీజు భరించగలిగితే చేరండి. ఒకవేళ సంతకం పెట్టాక మనసు మారితే, బీపీపీఈ కింద ఉన్న స్కూల్లో మొదటి క్లాసు దాకా గానీ, సంతకం పెట్టిన ఏడో రోజు దాకా గానీ, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా రద్దు చేసుకోవచ్చు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాసి పంపండి.